ఓడ ఎక్కని రీడ్లు

తోటపల్లి గూడూరుకు అవతల, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక పల్లెలో మా చర్చి సంఘం బడి ఉండేది. అందులో నేను టీచరుగా చేరి రెండో సంవత్సరం. అప్పటికి కొత్త నయాపైసలు వచ్చినా జనం ఇంకా అణాల్లోనే మాట్లాడుకుంటున్నారు. వారమంతా పిల్లలకు పాఠాలు చెప్పి, ఆదివారం చర్చిలో హార్మోనియం వాయించడం నా పని. ఆ వాయింపు కూడా ఉద్యోగంలో భాగమేనని ఎవరూ చెప్పలేదు, కాదని కూడా చెప్పలేదు. మా పెట్టె పాతది. ఎప్పుడో ఒక దొరసాని ఊరు విడిచి వెళ్తూ సంఘానికి ఇచ్చిపోయిందట. ఉప్పుగాలికి దాని లోపలి ఇత్తడికి చిలుము పట్టేది. ఏడాదికి ఒకటో రెండో మెట్లు మూగబోయేవి. వేలు పెట్టి నొక్కితే గాలి వచ్చేది, స్వరం వచ్చేది కాదు.

హార్మోనియం విప్పి చూడని వాళ్లకు ఒక ముక్క చెప్పాలి. ఒక్కో మెట్టు కింద వేలెడంత ఇత్తడి చట్రం ఉంటుంది. ఆ చట్రం మధ్యలో, ఒక కొస మాత్రమే బిగించిన పల్చటి ఇత్తడి నాలుక. తిత్తి నుంచి వచ్చిన గాలి ఆ నాలుకను ఆడిస్తే స్వరం పలుకుతుంది. దీన్నే రీడు అంటారు. నాలుక చిట్లితే రీడు మార్చాల్సిందే. ఆ రోజుల్లో మంచి రీడ్లన్నీ జర్మనీ నుంచి ఓడలో మద్రాసుకు వచ్చి, అక్కడి నుంచి నెల్లూరుకు వచ్చేవి.

నెల్లూరులో హార్మోనియాలు బాగుచేసే సాయిబు గారి అంగడికి నేను అంతకుముందు ఒకసారి వెళ్లాను. రీడు మార్చి, తిత్తికి తోలు అతికి, పది అణాలు తీసుకున్నాడు. ఈసారి కూడా పెట్టెను పాత దుప్పట్లో మూటగట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లాను. మధ్యమం పోయింది. మధ్యమం లేకుండా నాలుగు ఆదివారాలు గడిపాను. ఆ స్వరం వచ్చిన చోటల్లా గొంతు పెంచి నేనే పాడేదాన్ని.

సాయిబు గారికి యాభై దాటి ఉంటాయి. సన్నటి మనిషి. పెట్టె మూత తీసి, రీడు పలక మీద చెవి ఆనించి, నన్ను తిత్తి వేయమన్నాడు. విని తల ఊపాడు.

"నాలుక విరిగింది టీచరమ్మా. వేరేది వెయ్యాల. అయితే ముందు ఒక మాట చెప్పాల నీకు. జర్మనీ రీడు ఇప్పుడు మద్రాసులో రూపాయి పన్నెండణాలు."

నేను నిలబడిపోయాను. "పోయినేడు పది అణాలే గదా తీసుకున్నారు, పని కూడా కలిపి!"

"నేను పెంచలా. రేవులో పన్ను పెంచినారు. బయటి దేశం సరుకు ఓడ దిగంగానే దాని మీద సుంకం. ఆ సుంకం కలుపుకొని మద్రాసు వ్యాపారి తన లాభం వేస్తాడు. సరుకు మీదే కాదు, సుంకం మీద కూడా లాభమే. దాని మీద రైలు కిరాయి, ఇక్కడ కొట్టువాడి లాభం. అక్కడ అణా పెరిగితే నీ కాడికి వచ్చేసరికి రెండణాలయితది."

సుంకం అన్న మాట నాకు కొత్త కాదు. బైబిలులో సుంకరుల గురించి పిల్లలకు చెబుతూనే ఉంటాను. కానీ అది నా చర్చిలో ఒక స్వరం దాకా వస్తుందని అనుకోలేదు. దేశం దగ్గర బయటి డబ్బు తక్కువగా ఉందనీ, అందుకే దిగుమతులు తగ్గిస్తున్నారనీ మా పాస్టరు గారు పేపరు చదివి చెప్పేవారు. మా అమ్మకు పేపరుతో పనిలేదు. లవంగాల ధర చూసే ఆమెకు సంగతి తెలిసిపోయింది. పులావులో నాలుగు వేసే చోట రెండే వేసేది. గడ్డం గీసుకునే బ్లేడును గాజు గ్లాసు లోపలి అంచుకు రాసి పదునుపెట్టి, నెలంతా వాడేవాడు మా అన్న.

అంత డబ్బు నేను తేలేదని చెప్పి పెట్టెను మళ్లీ మూట కట్టబోయాను. సాయిబు గారు చెయ్యి అడ్డంపెట్టాడు. గూట్లోంచి ఒక రేకు డబ్బా తీశాడు. అందులో దూది మధ్య పేర్చిన జర్మనీ రీడ్లు ముప్పై దాకా ఉన్నాయి.

"ఇవి పన్ను పెరగక ముందు తెచ్చినవి. నేను పాత ధరకే కొన్నా. పాత ధరకే ఇస్తా."

ఆ మాట ఎంత పెద్దదో నాకు ఆ క్షణంలో అర్థం కాలేదు. అదే సమయంలో అంగట్లోకి ఒక నాటకాల కంపెనీ యజమాని వచ్చాడు. భారీ మనిషి, పట్టు ఉత్తరీయం. డబ్బా చూడగానే కళ్లు మెరిశాయి.

"సాయిబూ, అవన్నీ నాకిచ్చెయ్. ఒక్కోటి రూపాయిన్నర. ఇప్పుడే లెక్కగట్టి తీసుకో."

"నీ పెట్టెలో ఎన్ని పోయినాయన్నా?"

"పోలా. రేపు పోతే?"

"రేపు పోయినప్పుడు రా. ఈ డబ్బా విరిగిన పెట్టెలకి. విరగబోయే పెట్టెలకి కాదు."

అతను నవ్వాడు. మద్రాసులో వ్యాపారులందరూ పాత సరుకునే కొత్త ధరకు అమ్ముకుంటున్నారనీ, నువ్వొక్కడివే అమాయకుడివనీ అన్నాడు. సాయిబు గారు మా మధ్యమాన్ని బిగిస్తూ కూర్చున్నాడు. నేను పది అణాలు ఇచ్చి, పెట్టె తీసుకుని బస్సెక్కాను. దారంతా సాయిబు గారినే తలుచుకున్నాను. నా చేతిలో ముప్పై రీడ్లుంటే నేనేం చేసేదాన్నో నాకు తెలుసు. దాన్ని ఒప్పుకోవడానికి అప్పుడు సిగ్గేసింది.

ఏడాది తిరిగేసరికి ఆ డబ్బా ఖాళీ అయిపోయింది. సాయిబు గారి అంగడి కూడా ఇంచుమించు ఖాళీగానే కనిపించింది. అంతకుముందు గోడ వెంట మూడు నాలుగు కొత్త పెట్టెలు వరసగా ఉండేవి. పెట్టెలో కర్రా, తోలూ మన దేశానివే. రీడ్లు మాత్రం బయటివి. ఆ రీడ్ల వల్లే పెట్టె ధర దాదాపు రెట్టింపయింది. పెళ్లిళ్లకు పాడేవాళ్లు, భజన గుంపులవాళ్లు కొత్తవి కొనడం మానేశారు. కొత్త పెట్టెలు పోకపోతే సాయిబు గారికి మిగిలింది రిపేర్లే. రిపేరుకు కావలసిన రీడ్లే లేవు. సర్కారు పన్ను ఎక్కడో హార్బరులో వేస్తే, నెల్లూరులో ఒక అంగడి గోడ బోసిపోయింది.

ఆ రోజు ఆయన నేలమీద కూర్చుని ఆకురాయితో ఇత్తడి రేకు ముక్కను రాస్తున్నాడు. ఒక కుండలో విరిగిన రీడ్ల చట్రాలు పోగేసి ఉన్నాయి. ఎవరి పెట్టెలోంచి తీసినవీ పారేయలేదట.

"చట్రం జర్మనీది, నాలుక నెల్లూరుది," అన్నాడు నవ్వుతూ. "పాత నాలుక ఊడబీకి, ఇత్తడి రేకు కోసి, రివెట్టు కొడతావుండా. కొస రాస్తే శ్రుతి పెరుగుతుంది, మొదట్లో రాస్తే తగ్గుతుంది. అంతేనమ్మా పని."

అంతేనన్న పని అంత సులువు కాలేదు. ఆయన చేసిన మొదటి రీడ్లలో రెండు మా పెట్టెకు వేయించుకున్నాను. అంగట్లో బాగా పలికాయి. సరిగ్గా రెండో ఆదివారం, ఆరాధన మధ్యలో, పై షడ్జమం మెల్లగా కిందికి జారింది. ముందు నాకే అనుమానం. తర్వాత పాడేవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెనక బెంచీలో ఒక ముసలాయన పకాలున నవ్వాడు. పాస్టరు గారు కళ్లు మూసుకునే ఉన్నారు గానీ, ఆయన పెదవులు కూడా బిగిసి ఉండడం చూశాను.

బుధవారం బడికి సెలవు పెట్టి నెల్లూరు వెళ్లాను. కోపంగానే వెళ్లాను.

"సాయిబు గారూ, దేవుడి సన్నిధిలో నన్ను నవ్వులపాలు చేశారు."

ఆయన అక్కడే పెట్టె విప్పి, ఆ రీడు తీసి, గోటితో మీటి విన్నాడు. ఆయన మొహం చూశాక నా కోపం నిలవలేదు. "ఇదొక్కటే కాదు టీచరమ్మా. బోగోలు చర్చికి వేసినవి కూడా ఇట్టానే దిగిపోయినాయంట. కబురొచ్చింది. కొన్ని నిలబడతాయి, కొన్ని జారతాయి. ఒకే రేకు, ఒకే చెయ్యి. ఎందుకో తెలీడం లేదు."

అంగడికీ వాళ్ల ఇంటికీ మధ్య ఒక పాత చీర తెరగా వేలాడుతూ ఉండేది. దాని వెనక ఎప్పుడూ కుట్టుమిషను చప్పుడు వినిపించేది. ఆయన భార్య వీధిలోని ఆడవాళ్లకు జాకెట్లు, పిల్లలకు గౌన్లు కుట్టేది. ఆ రోజు మిషను ఆగింది. తెర వెనక నుంచి ఆమె గొంతు వచ్చింది.

"రేకు ఎట్టా కోస్తా ఉండారు మీరు?"

"ఎట్టా అంటే? కత్తెరతో."

"అది కాదు. ఏ వాటాన? గుడ్డకి నిలువుపోగు ఉంటది, అడ్డపోగు ఉంటది. జాకెట్టు గుడ్డ నిలువున కోస్తే నిలుస్తది. అడ్డానికి కోస్తే రెండు ఉతుకులకి సాగిపోతది. రేకుకి మాత్రం పోగు ఉండదా?"

సాయిబు గారు ముందు నవ్వాడు. "ఇత్తడికి పోగేందే!"

తర్వాత నవ్వడం ఆపాడు. మిగిలిన రేకు ముక్కను వీధి వెలుతురులోకి తీసుకెళ్లి అటూ ఇటూ వంచి చూశాడు. నన్నూ పిలిచి చూపించాడు. రేకును మిల్లులో రోలర్ల మధ్య లాగినప్పుడు పడ్డ సన్నటి గీతలు, వెంట్రుకల కంటే సన్నవి, అన్నీ ఒకే వైపుకు సాగి ఉన్నాయి. జారిన రీడును పక్కన పెట్టి చూస్తే, దాని నాలుక మీద గీతలు అడ్డంగా ఉన్నాయి. నిలబడిన రీడు మీద నిలువుగా ఉన్నాయి. రేకు వృథా కాకూడదని ఆయన ఇన్నాళ్లూ మూలల్లో ముక్కలను ఎటు వీలైతే అటు కోశాడు.

ఆయన ఆ రెండు రీడ్లనూ బల్ల మీద పెట్టాడు. తర్వాత తెర పక్కకు తొలగించి, "ఇట్టా రా. ఇక్కడ కూచో. కొయ్యడం నీ పని," అన్నాడు.

ఆమెను నేను మొదటిసారి చూసింది అప్పుడే. గుండ్రటి మొహం, మెడలో వేలాడే కొలత టేపు. నన్ను చూసి సిగ్గుపడి, మళ్లీ వెంటనే రేకు మీదికి వంగింది. సుద్దముక్కతో ఇత్తడి మీద గీతలు గీసింది, జాకెట్టు గుడ్డ మీద గీసినట్టే. ఆ మధ్యాహ్నం ఆమె కోసిన నాలుకలతో చేసిన రెండు రీడ్లు మా పెట్టెలో ఏళ్లపాటు పలికాయి.

వాటి స్వరం జర్మనీ రీడ్ల స్వరమంత తీయగా ఉండేదని నేను చెప్పను. కాస్త గరగర ఉండేది. పక్కపక్క మెట్లు వాయిస్తే ఏది ఎక్కడిదో నాకు తెలిసిపోయేది. నాటకాల యజమాని ఆ గరగరను వెక్కిరించాడు. అయినా రెండేళ్లలో ఆయన పెట్టె కూడా అదే అంగడికి వచ్చింది. పద్యం ఎత్తుకున్నప్పుడు స్వరం లేకపోవడం కన్నా గరగర మేలు కదా.

కోవూరు నుంచి, బోగోలు నుంచి, ఇంకా పైనుంచి పెట్టెలు రావడం మొదలైంది. విరిగిన చట్రాలు అయిపోయాక చట్రాలు కూడా వాళ్లే కోసుకున్నారు. అప్పుడే జరిగింది నేను మరచిపోలేని సంభాషణ. ఆ రోజు నేను అంగట్లో నా పెట్టె కోసం కూర్చుని ఉన్నాను. సంగీత వాయిద్యాలు అమ్మే ఒక పెద్ద కొట్టు యజమాని మద్రాసు నుంచి స్వయంగా వచ్చాడు. మర్యాదస్తుడు. రీడ్లను ఒక్కొక్కటే మీటి చూశాడు.

"సాయిబు గారూ, మీరు చేసేవన్నీ నేనే తీసుకుంటాను. మీరు ఎంతకు అమ్ముతున్నారు?"

"పన్నెండణాలు."

"పన్నెండణాలా! జర్మనీది ఇప్పుడు రెండు రూపాయలు దాటింది. మీది రూపాయి ముప్పావు చెప్పినా జనం పరిగెత్తుకొచ్చి కొంటారు. పావలా చౌక గదా. సుంకం పెంచింది మీలాంటి వాళ్ల కోసమే."

సాయిబు గారు ఆలోచించాడు. నాకు బాగా గుర్తు, ఒకసారి పైకప్పు వైపు చూశాడు. ఇంటి పైకప్పు పెంకులు మార్చాల్సి ఉందని ఆ ముందు రోజే అనుకున్నారట. ఆ సంగతి ఆయన భార్య తర్వాత నాతో చెప్పింది.

"సుంకం వేసింది సర్కారు," అన్నాడు చివరికి. "ఓడ దిగిన సరుకు మీద వేసింది. అది సర్కారుకు పోతది, బాగానే ఉంది. నా రీడు ఏ ఓడా ఎక్కలా. ఎక్కని ఓడకి బాడుగ ఈ పల్లెటూరి చర్చిలని, భజన చేసుకునేవాళ్లని నేనెట్టా అడిగేది?"

"ఇత్తడిలో రాగి ఓడెక్కి వచ్చిందే కదండీ," అన్నాడు వ్యాపారి, చమత్కారంగా.

"అవును. రేకు ధర పెరిగింది. ఆ పెరిగింది వేసుకున్నా. మొదట్లో పది అణాలకిచ్చిన రీడు అందుకే పన్నెండయింది. దానికి మించి వెయ్యను."

అప్పుడు తెర కదిలింది. ఆమె చేతిలో కత్తెరతోనే బయటికి వచ్చింది. పరాయి మగవాడి ముందు ఆమె మాట్లాడడం నేను చూడడం అదే మొదలు.

"రేకు ధర వేసినారు, మీ కూలి వేసినారు. నా కూలి యాడ వేసినారు?"

సాయిబు గారు తెల్లబోయాడు. నిజంగానే ఆయన వేయలేదు. రోజూ ఆమె కోసిన రేకునే రాస్తున్నాడు గానీ, ఆమె కుట్టుమిషను ఆగిపోయిన గంటలు ఆ పన్నెండణాల్లో ఎక్కడా లేవు. వ్యాపారి నేల చూపులు చూశాడు. నేను నవ్వు ఆపుకోలేక పెట్టె తిత్తి సవరిస్తున్నట్టు నటించాను.

"ఎంత వెయ్యమంటావు?" అన్నాడు సాయిబు గారు, మెల్లగా.

"రెండణాలు. నేను కూడా ఏ ఓడా ఎక్కలా. ఎక్కువ అడగను."

ఆ రోజు నుంచి రీడు పద్నాలుగు అణాలు. మద్రాసు ఆయన కూడా ఆ ధరకే ఒక వంద తీసుకున్నాడు. అక్కడ ఎంతకు అమ్ముకున్నాడో మాకు తెలియదు. అమ్ముకునే ఉంటాడు రూపాయి ముప్పావుకే. నెల్లూరు చుట్టుపక్కల పెట్టె ఉన్న వాళ్లకు మాత్రం పద్నాలుగు అణాలే. ఆ రెండణాలు పెరిగినందుకు ఎవరైనా గొణిగితే, నేను ఆ సంభాషణ మొత్తం వాళ్లకు చెప్పేదాన్ని. విన్నాక ఎవరూ గొణగలేదు.

సుంకాల వల్ల దేశానికి మంచి జరిగిందా చెడు జరిగిందా అని నన్ను అడిగితే నాకు తెలియదు. ఆ పన్ను లేకపోతే సాయిబు గారు రీడు చెయ్యడం నేర్చుకునేవాడే కాదు, అది నిజం. ఆ పన్ను వల్లనే ఎన్నో పల్లెల్లో కొత్త పెట్టెలు కొనలేకపోయారు, అదీ నిజమే. పన్ను చాటున ధర పెంచుకున్న వాళ్లను చాలామందిని చూశాను. చెడిపోయే సరుకును, మరో దారి లేదు కదా అని జనానికి అంటగట్టిన వాళ్లనూ చూశాను. మా ఊళ్లో ఒకాయన కొన్న సైకిలు లైటు మూడు రోజులు వెలిగి ఆరిపోయింది. మార్చి ఇమ్మంటే, బయటిది తెచ్చుకో పో అన్నాడట కొట్టువాడు. అందుకే ఆ భార్యాభర్తలు నాకు అంత గొప్పగా కనిపిస్తారు. అదే పన్ను, అదే అవకాశం వాళ్లకూ వచ్చింది. జారిపోయిన ప్రతి రీడునూ వాళ్లు అడగకుండానే మార్చి ఇచ్చారు. బోగోలు చర్చికి ఆయన స్వయంగా వెళ్లి, రానూపోనూ బస్సు ఛార్జీ తనే పెట్టుకుని బిగించి వచ్చాడు.

అరవైల మధ్యలో రూపాయి విలువ తగ్గించిన ఏడాది అన్ని ధరలూ మళ్లీ ఎగిరాయి. ఇత్తడి రేకు ధర కూడా పెరిగింది. రీడును రూపాయి పావలా చేయక తప్పలేదు వాళ్లకు. ఆ పెంచిన రోజు సాయిబు గారు అంగడి ముందు పలక మీద రేకు ధర ఎంత పెరిగిందో సుద్దతో రాసిపెట్టాడు. వచ్చిన ప్రతివాడూ చదువుకునే వాడు. చదువు రానివాళ్లకు ఆయనే చదివి వినిపించేవాడు.

అప్పటికే ఆయనకు వినికిడి తగ్గుతూ వచ్చింది. ముందు సన్నటి స్వరాలు, తర్వాత మిగతావి. శ్రుతి చేసేవాడికి అంతకంటే కష్టం ఏముంటుంది? కొన్నాళ్లు దాచాడు. తర్వాత ఆమె పక్కన కూర్చుని వినడం మొదలుపెట్టింది. "ఇంకా కొంచెం. ఇంకా. ఆపండి," అని ఆమె అంటుంటే ఆయన ఆకురాయి ఆడించేవాడు. చివరికి ఆకురాయి కూడా ఆమె చేతికే వచ్చింది. తెరగా ఉన్న చీర ఎప్పుడు తీసేశారో నాకు గుర్తులేదు. ఒకసారి వెళ్లేసరికి అది లేదు, కుట్టుమిషను అంగట్లోకి వచ్చేసి ఉంది.

నాకు పెళ్లై, కావలి వైపు బదిలీ మీద వెళ్లే ముందు మా చర్చి పెట్టెను చివరిసారి అక్కడికి తీసుకెళ్లాను. రీడ్లన్నీ ఒకేసారి మార్పించాలని సంఘం తీర్మానించింది. ఆమె బల్ల ముందు కూర్చుని ఉంది. సాయిబు గారు గుమ్మం దగ్గర బీడీ కాలుస్తూ, వచ్చేపోయే వాళ్లను పలకరిస్తున్నాడు. మాట వినపడకపోయినా పెదవులు చూసి జవాబు చెప్పేవాడు. భజన గుంపులోని ఒకాయన పెట్టె ఎత్తుకొచ్చి, "మేస్త్రీ ఎవరమ్మా?" అని అడిగాడు.

"ఆడ దించన్నా. ఏ మెట్టు పోయిందో చెప్పు," అందామె, తల ఎత్తకుండా.

మా పెట్టె పని పూర్తవడానికి నాలుగు రోజులు పట్టింది. తీసుకోవడానికి వెళ్లినప్పుడు, సరిచూసుకో టీచరమ్మా అని నన్నే వాయించమంది. మాకు బాగా తెలిసిన ఒక కీర్తన మొదటి చరణం వాయించాను. అన్నీ నెల్లూరు రీడ్లే కావడంతో ఆ గరగర అన్ని మెట్లలో సమానంగా పరుచుకుంది. ఇప్పుడది గరగరలా లేదు, ఆ పెట్టె గొంతే అన్నట్టు ఉంది. సాయిబు గారు లేచి వచ్చి, పెట్టె పక్క చెక్క మీద అరచెయ్యి ఆనించాడు. పాట అయిపోయేదాకా ఆ చెయ్యి తీయలేదు.

"బాగుండాదా?" అని ఆమె గట్టిగా, ఆయన మొహానికి ఎదురుగా వచ్చి అడిగింది.

"నిలువున కోసినావు గదా," అన్నాడాయన. "నిలబడతాయి."